ధర్మశాస్త్రం, కృప, మారుమనస్సు

దేవుడికీ మనిషికీ మధ్య సంబంధాన్ని క్రైస్తవం మూడు మాటల్లో చెబుతుంది. దేవుడు మనిషిని కోరేది ధర్మశాస్త్రం. అర్హత చూడకుండా మనిషికి ఇచ్చేది కృప. పట్టిన తప్పుదారి విడిచి మనిషి దేవుడి వైపు తిరగడం మారుమనస్సు. ఈ మూడూ ఉండాలని దాదాపు అన్ని సంఘాలూ ఒప్పుకుంటాయి. పేచీ అంతా వరుస దగ్గర వస్తుంది. మనిషి మారాడని దేవుడు కరుణిస్తాడా, దేవుడు కరుణించాడు కాబట్టి మనిషి మారతాడా? ఆజ్ఞలు పాటించినందుకు రక్షణ దొరుకుతుందా, దొరికినందుకు ఆజ్ఞలు పాటిస్తారా? అయిదో శతాబ్దంలో ఆఫ్రికా బిషప్పులు, పదహారో శతాబ్దంలో జర్మనీ ఆచార్యులు, పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు మిషనరీలు తలపట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే.

మాటలు, వాటి మూలాలు

హీబ్రూ భాషలో 'తోరా' అంటే మొదట బోధ, దారి చూపడం. దాన్ని గ్రీకులోకి తెచ్చినవారు 'నోమోస్' అన్నారు. ఆ మాటలో చట్టం వాసన ఎక్కువ. తెలుగులో అది 'ధర్మశాస్త్రం' అయింది. వినగానే మనువు, యాజ్ఞవల్క్యుడు గుర్తుకు రావడం సహజమే కానీ ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. మోషే ధర్మశాస్త్రం ఒక జాతితో దేవుడు చేసుకున్న ఒడంబడికలో భాగం. దాన్ని ఆ కథలోంచి విడదీసి చదివితే ఎండిపోయిన నిబంధనల జాబితా మిగులుతుంది.

కృపకు గ్రీకు మాట 'ఖారిస్'. తెలుగు ప్రొటెస్టెంట్లు కృప అంటారు. కతోలికుల మరియమ్మ జపంలో దాని స్థానంలో 'వరప్రసాదం' వినిపిస్తుంది. రెండు మాటల రుచి వేరు. కృప పైవాడి చూపులో ఉంటుంది, ప్రసాదం చేతిలోకి వస్తుంది. కృప అంటే దేవుడి దయాదృష్టి అని ఒక పక్షం, మనిషి ఆత్మలో నిలిచి పనిచేసే వరం అని ఇంకో పక్షం చేసిన వాదం ఈ రెండు తెలుగు మాటల్లోనే కనిపించడం ముచ్చటైన విషయం. కృపావరం, కృపానందం, వరప్రసాద్ అన్న పేర్లు పెట్టుకునే ఇళ్లలో దీని గురించి ఎవరూ గొడవపడరనుకోండి.

మారుమనస్సు విషయంలో తెలుగు అనువాదకుల చేతి చలవ మెచ్చుకోవాలి. హీబ్రూ మాట 'షూవ్' దారికి సంబంధించినది, వెనక్కి తిరగడం అని అర్థం. గ్రీకు 'మెటనోయియా' మనసుకు సంబంధించినది, ఆలోచన మారడం. 'మారుమనస్సు' ఆ గ్రీకు మాటకు అతికినట్టు సరిపోతుంది. కతోలికులు వాడే 'హృదయపరివర్తన' కూడా ఆ భావాన్నే పట్టింది. పశ్చాత్తాపం వేరు, అది చేసిన పనికి తర్వాత కలిగే బాధ. యేసును అప్పగించిన యూదా పడినది ఆ బాధే. మత్తయి సువార్త అతని విషయంలో 'మెటనోయియా' వాడలేదు, మరో క్రియ వాడింది. తెలుగు బైబిలు కూడా అక్కడ పశ్చాత్తాపమనే అంది. బాధపడ్డాడు, వెండి నాణేలు విసిరేశాడు, కానీ తిరిగి రాలేదు.

సీనాయి నుంచి దావీదు వరకు

పది ఆజ్ఞలు నిర్గమకాండం 20లో ఒకసారి, ద్వితీయోపదేశకాండం 5లో మరోసారి వస్తాయి. వాటికి ముందు ఒక పీఠిక ఉంది: ఐగుప్తు బానిసత్వంలోంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనేనని చెప్పాకే ఆజ్ఞలు మొదలవుతాయి. విడుదల ముందు, విధులు తర్వాత. ధర్మశాస్త్రమంటే రక్షణ సంపాదించుకునే నిచ్చెన అని అనుకునేవారు ఈ పీఠికను దాటేసి చదువుతారు.

తోరాలో మొత్తం 613 ఆజ్ఞలున్నాయని యూదు రబ్బీల లెక్క. చేయవలసినవి 248, చేయకూడనివి 365. పది ఆజ్ఞలను విడగొట్టడంలో మాత్రం క్రైస్తవుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అన్యదేవతల నిషేధాన్నీ విగ్రహాల నిషేధాన్నీ కతోలికులు, లూథరన్లు ఒకే ఆజ్ఞగా లెక్కించి, చివర ఆశించకూడదన్న ఆజ్ఞను రెండుగా చీలుస్తారు. మిగతా ప్రొటెస్టెంట్లు, ఆర్థడాక్సులు అలా చేయరు. కాబట్టి వ్యభిచారాన్ని నిషేధించేది గుంటూరు లూథరన్ పిల్లవాడికి ఆరో ఆజ్ఞ, ఒంగోలు బాప్టిస్టు పిల్లవాడికి ఏడోది. ఆరో ఆజ్ఞ మీరానని ఎవరైనా ఒప్పుకుంటే ఏ సంఘమని అడిగాకే కంగారు పడాలి!

పాపానికి ధర్మశాస్త్రమే విరుగుడు కూడా చెప్పింది. తెలియక చేసిన తప్పులకు బలులున్నాయి, ఏటా ఒక ప్రాయశ్చిత్త దినముంది. సొమ్ము నష్టానికి పరిహారముంది: తానే వచ్చి ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి, గొర్రెను దొంగిలించి కోసినా అమ్మినా ఒకదానికి నాలుగు ఇవ్వాలి. కానీ తెలిసి, తెగించి చేసిన పాపానికి బలి లేదని సంఖ్యాకాండం 15 చెబుతుంది. అలాంటివాడి గతేమిటి?

దావీదు కథ ఇక్కడే నిలబడుతుంది. ఊరియా భార్యను చేరదీసి, ఊరియాను యుద్ధంలో చంపించిన రాజు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పాడు. దావీదు మండిపడి, వాడు చావదగినవాడు, గొర్రెపిల్లకు నాలుగింతలు ఇవ్వాలి అన్నాడు. చట్టం నోటికి వచ్చినట్టే ఉంది, అద్దం మాత్రం కనిపించలేదు. ఆ మనిషివి నువ్వేనని నాతాను అన్నాకే కనిపించింది. వ్యభిచారానికీ హత్యకూ ధర్మశాస్త్రం విధించే శిక్ష మరణమే, వాటికి అర్పించే బలి ఏదీ లేదు. ఈ సందర్భానికి చెందినదని శీర్షికలోనే చెప్పుకునే 51వ కీర్తన బలి ఊసును పక్కనపెట్టి నలిగిన హృదయం గురించి మాట్లాడటం అందుకే. దావీదు ప్రాణం దక్కింది. పుట్టిన బిడ్డ దక్కలేదు, ఇంట్లోంచి కత్తి తొలగలేదు. క్షమించడమూ ఫలితాలను తుడిచేయడమూ ఒకటి కాదన్న క్రైస్తవ బోధకు పునాది ఈ కథలో ఉంది.

జక్కయ్య లెక్క

యేసు ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదన్నాడు, నెరవేర్చడానికన్నాడు. కొండమీది ప్రసంగంలో దాన్ని ఇంకా బిగించాడు: చంపకపోతే చాలదు, కోపాన్నీ లెక్కలోకి తెచ్చాడు. అంత బిగించినవాడే, పన్నులు వసూలు చేసే సుంకరుల ఇళ్లలో భోంచేశాడు. ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులని మరిచిపోతే సువార్తలు అర్థం కావు.

లూకా 19లోని జక్కయ్య ఉదంతం ఇందుకు అన్నిటికన్నా సూటైన ఉదాహరణ. యెరికోలో సుంకరుల పెద్ద, పొట్టివాడు, జనం అడ్డం వస్తే మేడిచెట్టెక్కాడు. యేసు కిందనుంచి పేరుపెట్టి పిలిచి, ఇవాళ నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. అప్పటికి జక్కయ్య ఏ పాపమూ ఒప్పుకోలేదు, పైసా తిరిగివ్వలేదు. పాపి ఇంటికి అతిథిగా వెళ్లాడని ఊరంతా సణిగింది. ఆ తర్వాతే జక్కయ్య లేచి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు చెల్లిస్తానని అన్నాడు. తానే ఒప్పుకున్నవాడికి చట్టం అడిగేది అసలు, దానిపై అయిదో వంతు. జక్కయ్య తనకు తానే గొర్రెల దొంగ శిక్ష వేసుకున్నాడు, నాతాను ముందు దావీదు ఎవరో పరాయివాడికి వేసిన శిక్ష. పైన సగం ఆస్తి. కృప వస్తే చట్టం సడలిపోతుందని భయపడేవారికి లూకా చూపించే లెక్క ఇది. గ్రీకులో ఆ క్రియలు వర్తమానకాలంలో ఉన్నాయి కాబట్టి జక్కయ్య కొత్తగా మాటివ్వడం లేదని, ముందునుంచీ తాను చేస్తున్నదే చెప్పుకుంటున్నాడని వాదించే పండితులూ ఉన్నారు. కథ చివర యేసు నశించినదాన్ని వెదకడం గురించి మాట్లాడతాడు కనుక పాత అర్థమే బలంగా కనిపిస్తుంది.

తప్పిపోయిన కుమారుడి కథలోనూ ఇదే వరుస. పందుల దగ్గర కూర్చుని కొడుకు తండ్రికి చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకున్నాడు, చివరన తనను కూలివాడిగా పెట్టుకోమనే బేరం ఉంది. తండ్రి దూరంనుంచే చూసి పరుగెత్తి మెడమీద పడ్డాడు. కొడుకు మొదలుపెట్టాడు కానీ ఆ బేరం దాకా రానేలేదు, తండ్రి పనివాళ్లకు అంగీ తెమ్మని పురమాయించేశాడు. వల్లించిన మాటలకూ పలికిన మాటలకూ మధ్య ఉన్న ఈ తేడాను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప గమనించం.

వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథకు ఇంకో చరిత్ర ఉంది. యేసు ఆమెకు శిక్ష వేయలేదు, ఇకమీదట పాపం చేయవద్దని పంపించాడు. యోహాను సువార్త ప్రాచీన ప్రతుల్లో, నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతులు సహా, ఈ కథ లేదు. భార్యలకు అలుసిచ్చినట్టవుతుందన్న భయంతో కొందరు దీన్ని తీసేశారని ఆఫ్రికా బిషప్పు అగస్టీను అనుమానించాడు. ఇది మొదట వేరుగా తిరిగిన కథ అని, తర్వాత సువార్తలో చేరిందని నేటి పరిశోధకుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఏదైనా, కృప మరీ చవకగా కనబడితే మతపెద్దలకు వణుకు పుడుతుందన్నది అగస్టీను కాలానికే తెలిసిన సంగతి.

పౌలు వాదన

యేసు తర్వాత ఇరవై ఏళ్లకు సమస్య వీధికెక్కింది. యూదులు కానివారు క్రైస్తవులైతే సున్నతి చేయించుకోవాలా? భోజన నియమాలు పాటించాలా? అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పంక్తి మార్చాడు. పౌలు అందరిముందూ నిలదీశాడు. పంక్తిభేదం అంటే ఏమిటో తెలిసిన మన పాఠకులకు ఆ దృశ్యాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో జరిగిన సభ సున్నతి అవసరం లేదని తేల్చింది. విగ్రహార్పితాలు, రక్తం, గొంతు నులిమి చంపినవి, జారత్వం, ఈ నాలుగింటికి దూరంగా ఉండమంది.

గలతీ పత్రికలోనూ, సుమారు 57లో కొరింథు నుంచి రాసిన రోమా పత్రికలోనూ పౌలు వాడిన ఆయుధం కాలక్రమం. అబ్రాహాము నమ్మినందుకు నీతిమంతుడిగా ఎంచబడ్డది ఆదికాండం 15లో, సున్నతి వచ్చింది 17లో. ధర్మశాస్త్రం ఆ వాగ్దానానికి 430 ఏళ్ల తర్వాతిది. వెనక వచ్చినది ముందున్నదాన్ని రద్దు చేయలేదు కదా అంటాడు. మరి ధర్మశాస్త్రం ఎందుకు? దానికి ఆయన చెప్పిన పోలిక 'పైదగోగోస్'. తెలుగులో అది 'బాలశిక్షకుడు' అయింది. మనకు పెద్ద బాలశిక్ష గుర్తొచ్చి ఉపాధ్యాయుడనుకుంటాం. అసలు ఆ రోజుల్లో అది పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్లి తెచ్చే బానిస పేరు. పాఠం చెప్పేది వేరొకరు. పిల్లవాడు ఎదిగేవరకే ఇతని పెత్తనం.

కృప పెరగాలని ఇంకా పాపం చేద్దామా అని ఎవరో అడుగుతారని పౌలుకు ముందే తెలుసు. రోమా 6లో తానే ఆ ప్రశ్న వేసుకుని, కాదని గట్టిగా చెప్పాడు. అయినా అడిగేవారు ఆగలేదు. యాకోబు పత్రిక అదే అబ్రాహామును తీసుకుని, ఇస్సాకును బలిపీఠంమీద పెట్టిన ఘట్టాన్ని చూపించి, క్రియలు లేని విశ్వాసం మృతమని వాదిస్తుంది. జర్మనీ సంస్కర్త లూథరు 1522లో ఈ పత్రికను గడ్డితో పోల్చాడు. అంత మాట అననక్కర్లేదు. పౌలు తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు, యాకోబు ఇంట్లో చాలాకాలంగా ఉంటున్నవాళ్లతో మాట్లాడుతున్నాడు.

బాప్తిస్మం తర్వాతి పాపం

బాప్తిస్మం పాత పాపాలన్నిటినీ కడుగుతుంది, సరే. తర్వాత చేసినవాటికి? తొలి తరాలను కుదిపేసిన ప్రశ్న ఇది. రెండో శతాబ్దంలో రోములో పుట్టిన 'హెర్మాసు కాపరి' అన్న గ్రంథం ఇంకొక్క అవకాశం ఉందంది. కార్తేజీ వాడైన తెర్తుల్లియను ఆ రెండో అవకాశాన్ని ఓడ బద్దలైనవాడికి దొరికిన పలకతో పోల్చాడు. తర్వాత తానే కఠిన నియమాల మోంటానిస్టుల్లో చేరి, ఘోరపాపాలకు సంఘం క్షమాపణ ఇవ్వరాదన్నాడు.

250లో చక్రవర్తి డెసియస్ అందరూ రోమా దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని శాసించాడు. చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. కొందరు బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నారు. ఈజిప్టు ఇసుకలో ఆ కాలపు పత్రాలు కొన్ని దొరికాయి. హింస చల్లారాక వీళ్లంతా సంఘం గుమ్మం దగ్గరికి వచ్చారు. చేర్చుకోకూడదని రోములో నొవేషియను చీలిపోయాడు. కార్తేజీ బిషప్పు సిప్రియను తప్పు తూకాన్ని బట్టి ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకోవాలన్నాడు. సిప్రియను దారే నిలిచింది. పశ్చాత్తప్తులు గోనె కట్టుకుని గుడి వాకిట నిలబడే బహిరంగ పద్ధతి వచ్చింది. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన చక్రవర్తి థియొడోసియస్‌ను మిలాను బిషప్పు ఆంబ్రోసు ప్రభు భోజన సంస్కారానికి దూరం పెట్టి, బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేయించాడు.

ఆరో శతాబ్దం నుంచి ఐర్లండు సన్యాసులు ఈ పద్ధతిని తలకిందులు చేశారు. ఒప్పుకోలు గుట్టుగా, ఎన్నిసార్లైనా. ఏ పాపానికి ఎన్నాళ్లు రొట్టె, నీళ్లతో ఉండాలో పట్టికలు రాసిపెట్టారు. ధరల పట్టికలా ఉందని నవ్వుకోవచ్చు కానీ, జీవితంలో ఒక్కసారే దొరికే క్షమాపణకన్నా ఇది సామాన్యుడికి దయగలదే. 1215లో నాలుగో లాటరాన్ సభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాల ఒప్పుకోలు, చేయాలని నిర్ణయించింది. ఆ రకంగా మారుమనస్సు తానే ఒక చట్టమైంది.

అగస్టీను, పెలేజియస్

ఆజ్ఞాపించు, ఆజ్ఞాపించినదాన్ని చేసే శక్తీ నువ్వే ఇవ్వు అన్న అర్థం వచ్చే ప్రార్థన అగస్టీను ఆత్మకథలో ఉంది. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలేజియస్‌కు అది చదివితే ఒళ్లు మండింది. చేయలేనిదాన్ని దేవుడు ఎందుకు ఆజ్ఞాపిస్తాడు, ఇలా బోధిస్తే జనం సోమరులు కారా అన్నాడు. నిష్ఠగా బతికిన మనిషి అతను, దుర్మార్గుడు కాదు. రోము నగర క్రైస్తవుల అలసత్వం చూసి విసిగినవాడు. అగస్టీను (354–430) తన యౌవనం తనకు నేర్పిన పాఠం వదులుకోలేదు: మారాలని కోరుకోవడం కూడా తనవల్ల కాలేదు. మారాలన్న కోరికే కృప వేసిన విత్తనం అన్నాడు. 418లో కార్తేజీ సభ, 431లో ఎఫెసు సభ పెలేజియస్ పక్షాన్ని ఖండించాయి. 529లో ఆరెంజ్ సభ మొదటి అడుగు కూడా కృపదేనని స్పష్టం చేసింది. పదమూడో శతాబ్దంలో తోమా అక్వినాసు తన మహాగ్రంథంలో ధర్మశాస్త్ర చర్చనూ కృప చర్చనూ వెంటవెంటనే పెట్టాడు, మోషే ఆజ్ఞల్లో నైతికమైనవి నిలుస్తాయని, పూజావిధులూ రాజ్యవిధులూ ముగిశాయని విడదీశాడు.

ఒక క్రియాపదం దగ్గర మొదలైన చీలిక

మధ్యయుగాల యూరపు చదివిన లాటిన్ బైబిల్లో యేసు మొదటి పిలుపు 'పెనితెంత్సియా చేయండి' అన్నట్టుగా ఉంటుంది. అంటే ప్రాయశ్చిత్తం చేయండి అనీ అర్థమవుతుంది. 1516లో ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసి, ఆ మాటకు మనసు మారడమన్న భావాన్ని ముందుకు తెచ్చాడు. మరుసటి ఏడాది అక్టోబరు 31న మార్టిన్ లూథరు ప్రకటించిన 95 వాదాల్లో మొదటిదే దీని గురించి: విశ్వాసి బతుకంతా మారుమనస్సే కావాలన్నది యేసు ఉద్దేశం, గురువు దగ్గర జరిగే ఒక తంతు కాదు.

అప్పటి పేచీ పాపపరిహార పత్రాల మీద. పాపం క్షమించబడ్డాక కూడా దానికి తాత్కాలిక శిక్ష కొంత మిగిలి ఉంటుందని, ఆ శిక్షను సంఘం తగ్గించగలదని సిద్ధాంతం. డబ్బిస్తే పాపం పోతుందని సంఘం ఏనాడూ అధికారికంగా చెప్పలేదు. రోములో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణం కోసం ఆ పత్రాలు అమ్మిన టెట్జెల్ వంటివారి నోట విన్న జనానికి మాత్రం అలాగే అర్థమైంది.

లూథరు బోధలో ధర్మశాస్త్రం మనిషిని పడగొడుతుంది, సువార్త లేవనెత్తుతుంది. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞలు మొదట, విశ్వాసప్రమాణం తర్వాత, ప్రభువు ప్రార్థన ఆపైన వస్తాయి. రోగమేదో తెలిశాకే మందు ఎక్కడుందో వెతుకుతారని ఆ వరుస. ఆయన మిత్రుడు అగ్రికోలా ఇంకో అడుగు వేసి, ధర్మశాస్త్రం కోర్టులో ఉండాలి గానీ గుళ్లో వద్దు, కృపను ప్రకటిస్తే మారుమనస్సు అదే వస్తుందన్నాడు. 1537 నుంచి లూథరు అతనికి ఎదురు నిలిచి వాదించాడు. కృప గురించి అంతగా చెప్పినవాడే ధర్మశాస్త్రాన్ని కాపాడవలసి రావడం ఈ చరిత్రలో మళ్లీమళ్లీ జరిగేదే. 1577 నాటి లూథరన్ ఒప్పందపత్రం ధర్మశాస్త్రానికి మూడు పనులు చెప్పింది: దుర్మార్గానికి కళ్లెం, పాపికి అద్దం, విశ్వాసికి కొలబద్ద. మరో సంస్కర్త కాల్విను దృష్టిలో మూడోదే ముఖ్యం. మారుమనస్సు విశ్వాసంలోంచి పుడుతుంది తప్ప దానికి ముందు రాదని ఆయన పట్టుబట్టాడు.

ట్రెంటు సభ 1547లో కతోలిక జవాబిచ్చింది. మొదలు కృపదే, మనిషి దానికి ఒప్పుకుని సహకరిస్తాడు, విశ్వాసం ఒక్కటే చాలదు. 1551లో పాపసంకీర్తనాన్ని సమర్థిస్తూ, దేవుడిమీద ప్రేమతో పుట్టిన దుఃఖం సంపూర్ణమని, శిక్షకు భయపడి కలిగిన దుఃఖం అసంపూర్ణమైనా సంస్కారానికి దారి చేస్తుందని వివరించింది. నిజానికి గుళ్లోకి వచ్చే మామూలు మనిషి రెండోరకం దుఃఖంతోనే వస్తాడు. ఆ సంగతి ట్రెంటు పెద్దలకు బాగా తెలుసు.

తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఈ న్యాయస్థానం భాషలో అంతగా చిక్కుకోలేదు. అక్కడ పాపం జబ్బు, ఒప్పుకోలు విన్న గురువు వైద్యుడు. 692 నాటి ట్రుల్లో సభ చివరి నియమమే, రోగిని బట్టి మందు వేయమని గురువులకు చెబుతుంది.

తెలుగు నేలమీద

లూథరు చిన్న ప్రశ్నోత్తరిని మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు చేయగా, 1746లో జర్మనీలోని హాలెలో అచ్చయింది. తెలుగులో మొట్టమొదటి ముద్రిత పుస్తకాల్లో అదొకటి. 1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ హయ్యరుతో లూథరన్ సంఘం ఇక్కడ వేళ్లూనింది.

వరుస ప్రశ్న ఇక్కడ సిద్ధాంతంగా కాక ఆకలిగా ఎదురైంది ఒంగోలులో. 1866లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, యెర్రగుంట్ల పేరయ్య వెంట వచ్చిన మాదిగ కుటుంబాలకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చదవడానికి తేలికే. ఊరికి చాకిరీ చేస్తూ, చచ్చిన గొడ్డును ఎత్తడం కులవృత్తిగా మోస్తున్నవాళ్లు ఆదివారం రామనడం, ఆ మాంసం వద్దనడం ఊరి కట్టుబాటుకే ఎదురు తిరగడం. వాళ్ల మారుమనస్సు ఖరీదు వెంటనే వెలివేతల్లో తెలిసింది. ఆ నియమాలు వాళ్లకు బరువా, తలెత్తుకునే దారా అన్నదానికి జవాబు బయటినుంచి చెప్పడం కష్టం.

1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం ఆపాడు. గింజలకోసం వచ్చారా, దేవుడికోసమా అన్న సందేహం. కరవు సాయం ముగిశాక కూడా వాళ్లు వదలలేదు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కడుపు నిండాక కూడా వచ్చినవాడిదే అసలైన మారుమనస్సని క్లౌ అనుకున్నాడు. యేసు జక్కయ్యను అలా ఆపలేదు కదా అని అడగవచ్చు, నిజమే. జక్కయ్య ఆకలితో లేడు.

నేటి తెలుగు సంఘాల్లో మారుమనస్సు వినిపించేది ఎక్కువగా సాక్ష్యాల్లో. ఎప్పుడు రక్షణ పొందావని ఉజ్జీవ సభల్లో అడిగితే తేదీతో సహా చెప్పేవారున్నారు. కతోలిక విచారణల్లో విభూతి బుధవారంతో మొదలయ్యే తపస్కాలంలో పాపసంకీర్తనానికి బారులు తీరతారు. ఒకరికి అది ఒక రోజు, మరొకరికి ఏటా వచ్చే ఋతువు.

ఇరవయ్యో శతాబ్దం తర్వాత

మారుమనస్సు అడగని కృపను, శిష్యత్వం లేని క్షమాపణను చవక కృప అన్నాడు జర్మన్ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్. ఈ మాట ఉన్న ఆయన గ్రంథం 1937లో హిట్లరు పాలన కింద వెలువడింది, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఆయన్ను ఉరితీశారు. 1977లో పండితుడు ఇ.పి. సాండర్స్ ఈ చర్చను మరో వైపు నుంచి కదిలించాడు. పౌలు నాటి యూదులు పుణ్యం పోగుచేసుకుని దేవుడి దయ కొనుక్కోవాలనుకున్నారన్నది లూథరు తన కాలపు గొడవను వెనక్కి తీసుకెళ్లి చూసిన చూపు అని, యూదుమతంలోనూ ముందు ఎన్నిక, తర్వాతే విధేయత అని చూపించాడు. నిర్గమకాండం పీఠిక చెబుతున్నదీ అదే. ఎన్నో శతాబ్దాలు యూదులను కృప తెలియనివారిగా చిత్రించిన ప్రసంగాలకు ఈ దిద్దుబాటు చాలా ఆలస్యంగా వచ్చింది.

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనిషిని అంగీకరించేది కృపవల్లే తప్ప మనిషి యోగ్యతవల్ల కాదని, అలా అంగీకరించబడ్డవాడిని పరిశుద్ధాత్మ మంచి పనులకు కదిలిస్తుందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. పదహారో శతాబ్దపు ఖండనలు ఈ బోధకు వర్తించవని ప్రకటించాయి. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణవాద సంఘాల సమాఖ్య ఇందులో చేరాయి. పాపసంకీర్తనం సంస్కారమా కాదా, పరిహార పత్రాల బోధ నిలుస్తుందా లేదా అన్నవి ఆ ప్రకటన తేల్చలేదు. కృప విషయంలో సంతకాలు పెట్టిన ఆ రెండు సంఘాలూ ఒకే బల్ల దగ్గర కలిసి సంస్కారం పుచ్చుకోవడం మాత్రం ఇంకా కుదరలేదు.